బూడిద గీసిన దారి

మంచు మీద పడే వానకు చప్పుడుండదు.

రేకు మీద పడితే డప్పు. రాతి మీద పడితే చిటపట. ముసలివాడి టోపీ మీద పడితే తిట్టు. మంచు మీద పడితే మాత్రం — ఏమీ లేదు. మంచు ఆ వానను తాగేస్తుంది. తాగి, పొరుగింట్లో విందు తిని వచ్చిన పెద్దమనిషిలా, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

ఆ వసంతంలో మా లోయ మీద అలాంటి వాన పడింది. పడింది... పడుతూనే ఉంది.

ముందే చెప్పేస్తున్నాను. ఆ వసంతంలో మా వాగుకు కొత్త దారి చూపినవాణ్ణి నేను.

నేనే. ఒంటి చేత్తో.

మా సిపందర్ ఊళ్ళో ఎవరినైనా అడగండి. మా వదినను మాత్రం అడగొద్దు.

*

మా ఊరు రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పైనుంచి చిన్న వాగు దూకుతుంది. కింద పెద్ద నది బర్తంగ్ దాన్ని మింగేస్తుంది. ఇళ్ళన్నీ వాగుకు ఎడమ గట్టున. కుడి గట్టున ఉత్త రాళ్ళు — మేకలు కూడా మొహం తిప్పుకునే రాళ్ళు.

వాగుకు అన్నిటికంటే దగ్గరి ఇల్లు మా వదినది.

పేరు బునఫ్షా. మా అన్న భార్య. ఒకప్పటి వరద ఆవిడ మొదటి ఇంటిని ఎత్తుకుపోయింది. గోడలు పోయాయి. గిన్నెలు పోయాయి. ఊయల పోయింది. తలుపు ఒక్కటి ఎక్కడో దిగువ ఊళ్ళో, ఇసుకలో దొరికింది. ఆవిడ ఆ తలుపును వీపున వేసుకుని తెచ్చింది. తెచ్చి, పాత చోటనే నిలబెట్టింది. దాని చుట్టూ ఇల్లు కట్టింది.

జనం ఇల్లు కట్టి తలుపు పెడతారు. మా వదిన తలుపు పెట్టి ఇల్లు కట్టింది.

మా అన్న సగం గోడల దాకా ఉన్నాడు. తర్వాత లేడు. పైకప్పు దూలాలు వదినే ఎక్కించింది, ఇద్దరు కూతుళ్ళతో కలిసి. నేను కింద నిలబడి సలహాలు చెప్పాను. మంచి సలహాలే. ఒక్కటీ వినలేదు.

*

మా దగ్గర బూడిద పారెయ్యరు.

చలికాలమంతా పొయ్యిలోంచి తీస్తారు, మసీ బొగ్గుపొడీ కలిపి. పెరట్లో గుంట తవ్వి, తడి తగలకుండా దాస్తారు. వసంతం మొదట్లో, పొలాల మీద మంచు ఇంకా మందంగా ఉండగానే, బుట్టలకెత్తి చల్లుతారు. తెల్లటి మంచు ఎండను తోసేస్తుంది. నల్లటి మంచు ఎండను తాగుతుంది. తాగి కరుగుతుంది. కింద నేల బయటపడుతుంది.

ముందుగా నేల చూసినవాడికి బార్లీ పండుతుంది. ఆలస్యమైనవాడి బార్లీ పాలకంకి మీద ఉండగానే మళ్ళీ మంచు పడుతుంది. మా వేసవి అంత పొట్టిది — చుట్టంలా వస్తుంది, గుమ్మంలో నిలబడే చాయ్ తాగి పోతుంది.

అందుకే బూడిద అంటే మాకు బూడిద కాదు. రొట్టె. ఇంకా పుట్టని రొట్టె.

ఊళ్ళోకెల్లా పెద్ద గుంట మా వదినదే. తన పొయ్యి చాలక పెళ్ళిళ్ళ పొయ్యిలూ, చావుల పొయ్యిలూ ఊడ్చుకొచ్చేది. బునఫ్షా వాకిట్లో తుమ్మితే ఆ తుమ్మును కూడా గుంటలో వేసి మూత పెడుతుందని ఊరంతా నవ్వేది.

అందరికంటే ఎక్కువ నవ్వింది నేను.

*

ఇక ఖుష్నజర్ సంగతి.

నా చిన్నప్పటి స్నేహితుడు. మా ఊరి లెక్కల మనిషి. మావాళ్ళు సూర్యుణ్ణి మనిషి ఒంటి మీద లెక్కపెడతారు. చలి విరిగేటప్పుడు సూర్యుడు కాలిగోటి దగ్గర మనిషిలోకి అడుగుపెడతాడు. అక్కణ్ణుంచి పైకి పాకుతాడు — మడమ, పిక్క, మోకాలు, తొడ... గుండె దగ్గరికి వచ్చేసరికి పై కొండల మంచు కరిగి వాగు లేస్తుంది. సూర్యుడు ఎక్కడున్నాడో ఖుష్నజర్ చెబుతాడు. అతను చెబితే దున్నుతాం. అతను చెబితే మందను తోలుతాం.

తాతల లెక్క. తప్పింది లేదు.

తప్పలేదు కాబట్టే ఎవరమూ తలెత్తి చూడలేదు.

సూర్యుడు ఇంకా మోకాలి దగ్గరే ఉన్నాడు. వాన వచ్చేసింది. చల్లటి వాన కాదు — వెచ్చటి వాన. ముఖం మీద పడితే పశువు ఊపిరిలా ఉంది.

కొండలు తాగాయి.

తాగాయి, తాగాయి... ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి.

ఒకరోజు పొద్దున వాగు సన్నబడింది. మధ్యాహ్నానికి ఇంకా సన్నబడింది. ఊరు సంతోషించింది. ఇంత వానకూ వాగు లేవలేదంటే లెక్క ఎంత గట్టిదో చూడండని ఖుష్నజర్ మీసం తిప్పుకుంటూ ఇంటింటికీ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఉప్పు వేసిన పాలచాయ్ తాగాడు. నేనూ వెంట తిరిగాను. నేనూ తాగాను.

వదిన మాత్రం బిందె ముంచడానికి వెళ్ళింది. బిందె రాళ్ళకు తగిలి ఖంగుమంది.

ఖాళీ బిందెతో నేరుగా మా మధ్యకు వచ్చి నిలబడింది.

"ఖుష్నజర్ అన్నా, వాన పడుతోందా?"

"పడుతోంది."

"పైన మంచు కరుగుతోందా?"

"కొంచెం కరుగుతుంది మరి."

"వాగు ఎండిపోయింది. మరి నీళ్ళు ఎక్కడున్నాయి? నీ చాయ్‌లోనా?"

ఖుష్నజర్ గ్లాసు కింద పెట్టాడు. "సూర్యుడు ఇంకా మోకాలి దగ్గరే ఉన్నాడమ్మా. వాగు లేచేది గుండె దగ్గర కదా!"

"సూర్యుడు నీ లెక్కలో ఉన్నాడు సరే. వాన ఎవరి లెక్కలో ఉంది?"



గుక్కెడు చాయ్ నా గొంతులోనే ఆగిపోయింది. వాగు కూడా అలాగే ఎక్కడో ఆగిపోయిందని అప్పుడు తట్టింది.

*

పైకి ఎక్కాం.

ఊరికి ఎగువన లోయ ఇరుకవుతుంది. ప్రతి చలికాలం అక్కడ మంచుచరియ విరిగి వాగుకు అడ్డంగా పడుతుంది. వాగు దాని కింద సొరంగం తొలుచుకుని దొంగలా జారుకుంటుంది. అది ఏటా మామూలే.

ఈసారి వానకు సొరంగం కూలింది.

మంచు గోడ. దాని వెనక నీళ్ళు.

బూడిదరంగు నీళ్ళు. కదలని నీళ్ళు. వానచుక్కలు వాటి మీద చిన్న చిన్న కళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అంత నీటిని అంత నిశ్శబ్దంగా నేను ఎప్పుడూ చూడలేదు. లోయ నోట్లో పట్టుకుని, ఇంకా మింగని గుక్కలా ఉంది.

గోడ ఎడమ వైపు పల్లం. కుడి వైపు ఎత్తు. నీళ్ళు పల్లం నుంచి పొంగుతాయి. పల్లం నుంచి పొంగితే గోడ అక్కడే తెగుతుంది. అక్కడ తెగితే...

తిరిగి చూశాం. కింద, సరిగ్గా ఎదురుగా — వదిన ఇంటి తలుపు. నీలం రంగు తలుపు. ఇంత ఎత్తు నుంచి గోరంత.

వదిన దాన్ని చూసింది.

కబురందుకుని జిల్లా కేంద్రం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పొడుగు మెడ మనిషి, మంచివాడు. కింది వరస ఇళ్ళన్నీ ఖాళీ చెయ్యమన్నాడు. సరైన మాటే. పరుపులు, మేకలు, పసిపిల్లలు, పెళ్ళి పెట్టెలు — అన్నీ పై మిట్టకు ఎక్కాయి. మందుగుండు పెట్టి గోడను పేల్చెయ్యమని ఎవరో అరిచారు.

"పేలిస్తే ఒక్కసారే వస్తుంది," అన్నాడు ఆఫీసరు. "మొత్తం. మీ ఊరి మీదికే."

అప్పుడు వదిన అడిగింది. "కుడి వైపు నుంచి పొంగిస్తే ఎటు పోతుంది నాయనా?"

"రాళ్ళ మీదుగా నదిలోకి. ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కుడి వైపు మంచు ఎత్తుగా ఉందమ్మా."

"ఎత్తుగా ఉంటే తగ్గిద్దాం."

"పారలతోనా? అంత టైము లేదు."

"సగం పారలతో. సగం ఎండతో."

"ఎండ మన మాట వింటుందా అమ్మా?"

"మన మాట వినదు. బూడిద మాట వింటుంది."

*

ఊళ్ళో ఒక్కరూ బుట్ట ఎత్తలేదు.

అర్థం కాక కాదు. అర్థమై.

గుంటల్లోని బూడిదంతా మంచు గోడకు పోస్తే పొలాలకు ఏముంటుంది? పొలాలు తెల్లగా పడుకుంటాయి. బార్లీ ఆలస్యమవుతుంది. ఆలస్యమైన బార్లీ బార్లీ కాదు... గడ్డి.

"పై వరస ఇళ్ళకు వరద రాదుగా," అన్నాడు ఒకడు, నేల చూస్తూ.

వదిన అతని వంక కూడా చూడలేదు. గబగబా మిట్ట దిగింది. మేమూ వెనకే దిగాం. పెరట్లోకి వెళ్ళింది. గుంట మీది పలక తీసింది. చలికాలమంతా కాపలా కాసిన బూడిద. మెత్తటి, పొడి, నల్లటి బూడిద. చేత్తో తాకింది. ఒక్క క్షణం. తర్వాత బుట్ట నింపి వీపుకెత్తుకుంది. కూతుళ్ళిద్దరూ ఎత్తుకున్నారు.

ముగ్గురూ మా ముందు నుంచి వాన పొరలోకి నడిచిపోయారు. బుట్టల మీద గొర్రెతోళ్ళు. బూడిద తడవకూడదు. మనుషులు తడిస్తే ఆరుతారు.

"ఏం మరిదీ," అంది వెళ్తూ వెళ్తూ. "తుమ్ము వస్తోందా? రా, నీకో బుట్ట ఇస్తా. అందులో తుమ్ముదువుగాని."

ఎవరో పకపకా నవ్వారు. ఖుష్నజర్ ఇల్లాలు.

నవ్వుతూనే తన గుంట పలక తీసింది.

ఆ తర్వాత ఒక్కో పలకా లేచింది. రాయి మీద రాయి కదిలే చప్పుడు — గరగర... గరగర... ఊరంతా. ఎగువ వరసా, దిగువ వరసా. నేల చూస్తూ మాట్లాడినవాడూ బుట్ట ఎత్తాడు. ఆఫీసరూ ఎత్తాడు. బురదలో అతని బూటు ఒకటి ఊడి అక్కడే ఉండిపోయింది. దాన్ని వెతకలేదు. ఒంటి బూటుతో ఎక్కాడు.

కొండ మీద నల్లటి చీమలబారు. ప్రతి చీమ వీపున ఒక పొయ్యి. ప్రతి పొయ్యిలో ఒక చలికాలం.

*

వాన ఆగింది.

మబ్బు మాత్రం వదల్లేదు. లోయ మీద తడి కంబళిలా.

మగవాళ్ళు పారలతో కాలువ తవ్వారు — కుడి అంచున, బండ పక్కన, ఇటు నీటి నుంచి అటు రాళ్ళ వాలు దాకా. నడుం లోతు. ఆడవాళ్ళు వెనకే బూడిద చల్లుకుంటూ వచ్చారు. పొలంలో విత్తనం చల్లినట్టే. అదే ఊపు. అదే మణికట్టు. చెయ్యి తిరిగిన చోటల్లా తెలుపు మీద నలుపు.

తెల్లటి గోడ మీద నల్లటి గీత.

దారి.

ఇదిగో, ఇక్కడే నా గొప్పతనం వస్తుంది.

అంచు దగ్గరికి వచ్చేసరికి నా కాలు జారింది. బుట్టతో సహా దొర్లాను. గీత దాటి, బోర్లా పడి, ఒక చెయ్యి మంచులోకి ఆనించి ఆగాను. బుట్టలోని బూడిదంతా నేను దొర్లిన మేరా పరుచుకుంది. తిన్నగా సాగుతున్న గీత కాస్తా నా దగ్గర కొక్కెంలా వంకర తిరిగింది.

ఒంటి చేత్తో అన్నాను కదా. ఆ ఒక్క చెయ్యి ఇదే.

తలెత్తాను. మొహమంతా నలుపు. పళ్ళు మాత్రం తెలుపు.

"లే మరిదీ," అంది వదిన. "నిన్ను చూసి ఎండ కూడా రానంటుంది."

ఊడ్చే టైము లేదు. వంకర వంకరగానే ఉండిపోయింది.

*

తర్వాత... చెయ్యడానికి ఏమీ లేదు.

అదే కష్టం. చేతులు ఖాళీ. గుంటలు ఖాళీ. పల్లంలో నీళ్ళు ఎక్కుతున్నాయి. ఎడమ అంచుకు జానెడు దూరం. తర్వాత బెత్తెడు. తర్వాత... కాలువ అడుగు ఇంకా నీటికి పైనే ఉంది. పొడిగా. నల్లగా. ఎదురుచూస్తూ.

ఖుష్నజర్ ఆకాశం చూశాడు. మొదటిసారి — లెక్క కాదు, ఆకాశం.

"దిగి రారా నాయనా," అన్నాడు సూర్యుడితో. "మోకాలి దగ్గరున్నావో, మెడ దగ్గరున్నావో నేను అడగను. రా."

మబ్బు చిరిగింది.

ముందు కొండ కొన మీద వెలుగు. తర్వాత బండ మీద. తర్వాత జారి, జారి... గోడ మీద పడింది.

తెలుపు ఎండను తోసేసింది. కళ్ళు మూసుకున్నాం.

నలుపు తాగింది.

చప్పుడు విన్నాం. చిటుక్కుమని. మళ్ళీ చిటుక్కు. తర్వాత ఎక్కడెక్కడో చిటచిట — పొయ్యిలో పుల్లలు అంటుకున్నట్టు. ఆరిపోయిన పొయ్యిలు మళ్ళీ అంటుకున్నట్టు. నల్లగీత ఆవిరి కక్కింది. కుంగింది. అరచెయ్యంత కుంగింది. ఇంకా కుంగింది. మగవాళ్ళు కరిగి మెత్తబడ్డ అడుగును పారలతో గీకారు. ఆడవాళ్ళు బుట్టలు దులిపి, అడుగున అంటుకున్న చివరి నలుపు కూడా రాల్చారు.

ఒక నీటి దారం.

కుట్టుపని దారమంత. అది కాలువ నోట్లోకి తొంగి చూసింది. ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది.

వచ్చింది.

బూడిద మీద పాకింది. పాకుతూ వంకర దగ్గరికి వచ్చింది. వంకర తిరిగింది — నేను దొర్లినట్టే దొర్లింది. బండకు తగిలి, ఊపిరి తీసుకుని, రాళ్ళ వాలు మీదికి దూకింది.

"యా అలీ!" అన్నాడు ఆఫీసరు, ఒంటి బూటు మీద ఎగురుతూ.

దారం తాడైంది. తాడు నడుమంత లావైంది. ఇక దానికి మా సాయం అక్కర్లేదు. తన దారి తనే కోసుకుంది — మంచు కోస్తూ, నురగ కక్కుతూ, ఊరి వైపు ఒక్కసారి కూడా తిరగకుండా. మేం పై మిట్టకు పరుగెత్తాం. నీళ్ళ వెనక నీళ్ళు. గుర్రమంత మంచుగడ్డలు. ఇల్లంత బండలు. లోయంతా వణికింది. కప్పుల మీంచి దుమ్ము రాలింది. కుడి గట్టున, మేకలు కూడా మొహం తిప్పుకునే ఆ రాళ్ళ మీదుగా, మా వరద మమ్మల్ని దాటుకుని బర్తంగ్‌లోకి పోయింది.

పోయింది!

డప్పులు ఎవరు తెచ్చారో తెలీదు. మిట్ట మీద డప్పులు మోగాయి. బూడిద మొహాలతో ఆడారు. ఖుష్నజర్ తన ఇల్లాలితో ఆడాడు — పెళ్ళిలో కూడా ఆడనివాడు.

వదిన తన ఇంటి కప్పెక్కింది. నడుం మీద రెండు చేతులు. ఎదురుగా ఉరుకుతున్న నీళ్ళను చూసి కేక పెట్టింది — "పోవే, పో! ఈ గుమ్మం నీకు రెండోసారి దొరకదు!"

వాగు తల దించుకుని పోయింది.

*

పొలాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

డప్పులు ఆగాక అందరం అటు చూశాం. తెల్లగా. పట్టనట్టు. చల్లడానికి పిడికెడు బూడిద లేదు.

ఆ పూటే ఖుష్నజర్ ఇల్లాలు నవ్వుతూ ఏదో తెచ్చింది. కొంగులో ఒండ్రు. వరద అంచున రాళ్ళ మీద పేరుకున్న ఒండ్రు — చిక్కగా, నల్లగా, బూడిదకంటే నల్లగా. మా బూడిద కూడా అందులోనే ఉందేమో. ఎవరి పొయ్యిదో, ఎవరి చలికాలానిదో.

"ఎండ దీని మాట వింటుందా వదినా?" అని అడిగాను.

వదిన వేళ్ళ మధ్య నలిపి చూసింది. "చల్లి చూద్దాం. ఈసారి తిన్నగా చల్లు."

వాగు తగ్గగానే మళ్ళీ బుట్టలు. ఈసారి కిందికి దిగి, పైకి. తడి ఒండ్రు బూడిదకంటే బరువు. వీపులు విరిగాయి. కప్పుల మీద ఆరబెట్టి, చిదిమి, పొలాల మీద చల్లాం. ఊరి చుట్టూ పొలాలన్నీ మచ్చల ఆవు చర్మంలా అయ్యాయి. మచ్చలు పెరిగాయి. కలిశాయి. ఖుష్నజర్ లెక్కలో సూర్యుడు తొడ దగ్గరికి వచ్చేసరికి నేల నేలంతా తేలి ఆవిరి కక్కుతోంది.

దున్నాం.

ఆ ఏడు బార్లీ వెన్నులు నా గడ్డంకంటే పొడుగు పెరిగాయి. నిజం. ఆ ఏడు నేను గడ్డం గీయించుకున్నమాట కూడా నిజమే.

కోతలయ్యాక మొదటి రొట్టె వదిన ఇంట్లో కాల్చారు. ఊరంతా తలా ఒక ముక్క తుంచుకుంది. నేల చూస్తూ మాట్లాడినవాడికి వదిన పెద్ద ముక్క ఇచ్చింది. ఆఫీసరుకు రొట్టెతో పాటు ఒక జత ఊలు మేజోళ్ళు పంపించింది — బూటు దొరకలేదని.

ఇప్పటికీ మా వాగు ఆ చోట వంకర తిరిగే పారుతుంది. వెళ్ళి చూడండి.

*

ఇందులో ఒక్కటి మాత్రం నేను కల్పించాను.

వంకర కాదు. వంకర నిజం.

వదిన కప్పెక్కలేదు. కేక పెట్టలేదు.

నీళ్ళు కాలువలో పడ్డాక ఆవిడ మాతో మిట్ట ఎక్కలేదు. ఇంటికి పోయింది. బయటికి లాక్కొద్దామని నేను పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. లోపల, స్తంభానికి అరచెయ్యి ఆనించి, తలుపుకు వీపు పెట్టి నిలబడింది. గోడలు వణుకుతున్నాయి. గూట్లో గిన్నెలు గలగలమంటున్నాయి.

చూడలేదు. వింది. అంతే.

చాలాసేపటికి గిన్నెలు ఆగాయి.

"పోయిందా?" అంది, తిరక్కుండానే.

"పోయింది వదినా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"మళ్ళీ చూసిరా."

వెళ్ళాను. చూశాను. వచ్చి చెప్పాను. "మళ్ళీ చూసిరా," అంది. మళ్ళీ వెళ్ళాను.

ఇప్పటికీ అంతే. సూర్యుడు ఎవరి మోకాలి దగ్గరున్నా సరే, కొండ మీద వెచ్చటి వాన పడిందంటే చాలు, మా గుమ్మంలో ఆవిడ గొంతు వినపడుతుంది. "మరిదీ, ఒకసారి పైదాకా వెళ్ళి చూసిరా."

కర్ర పట్టుకుని వెళ్తాను. మంచు గోడ చూస్తాను. దాని కింద వాగు జారుకుంటోందో లేదో, చెవి ఆనించి వింటాను. వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

చెప్పాక, ఆవిడ మొహం చూసి... కొంచెం కలిపి చెబుతాను.